శివారు భూములు: తెలుగు సాహిత్యమున స్వరాజ్యము, బీదజనము

బెజవాడ వద్ద కృష్ణానదికి ఆనకట్ట 1855లో పూర్తియైనది. నాటినుండి పశ్చిమ డెల్టా కాలువల నీరు తెనాలి మాగాణులను తడిపి, బాపట్ల వైపునకును రేపల్లె వైపునకును సాగుచున్నది. కాలువ నీటికి ఒక స్వభావము కలదు. ఎగువనున్న వానికి ముందు, దిగువనున్న వానికి తరువాత. వానలు చాలని ఏట శివారు రైతు గట్టుమీద కూర్చుండి నీటికై ఎదురుచూచును. నీరు రాదని అతనితో ఎవరును అనరు. తప్పక వచ్చుననియే అందురు. కాని నారు ఎండిన తరువాత వచ్చిన నీటివలన ప్రయోజనమేమి?

దేశస్వాతంత్ర్యమును గూర్చి, అందులో బీదలకును అల్పసంఖ్యాకులకును దక్కిన పాలును గూర్చి మన సాహిత్యము చెప్పిన కథ ఇట్టిదే. “ముందు స్వరాజ్యము రానిండు, మిగిలినవి తరువాత చూచుకొందము” అనుమాట ఉద్యమకాలమున తరచుగ వినబడినది. అది దురుద్దేశముతో అన్న మాట కాదు. ఇల్లు అంటుకొన్నప్పుడు వాటాల తగవు పెట్టుకొనరాదని పెద్దలు భావించినారు. అయినను, ఆ “తరువాత” అనుమాట ఎవరికి ఎంత ఖరీదైనదో లెక్కవ్రాసి పెట్టినవారు మన కథకులు, కవులు. ఆ లెక్కలో గుంటూరు సీమకు, ముఖ్యముగ తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములకు, పెద్ద పద్దే ఉన్నది.

ఈ ప్రశ్నను భారతసాహిత్యమున తొలిదినములలోనే గట్టిగ అడిగినవారు రవీంద్రనాథ ఠాకూరు. 1916లో గ్రంథరూపమున వెలువడిన ఆయన నవల ‘ఘరే బాయిరే’కు వంగదేశపు స్వదేశీ ఉద్యమము వస్తువు. సందీపుడను నాయకుడు సంతలో విదేశీ వస్తువులు అమ్మరాదని పట్టుపట్టును. జమీందారైన నిఖిలేశుడు స్వదేశీ పరిశ్రమలకై తన ధనము వెచ్చించినవాడే. అయినను తన సంతలో ఆ నిషేధము పెట్టుటకు ఒప్పుకొనడు. చవకబట్ట కొనువాడు బీదవాడు. దానిని మోసికొని తిరిగి అమ్మువాడు అంతకంటె బీదవాడు. పంచు అను చిన్న వర్తకుని సరకు తగులబెట్టినచో మాంచెస్టరు మిల్లునకు కలుగు నష్టమెంత, పంచు సంసారమునకు కలుగు నష్టమెంత? ఆ ప్రాంతపు ముసల్మానులకును ఉద్యమకారులకును నడుమ ఎడము పెరుగుటయు, తుదకు కల్లోలము చెలరేగుటయు ఠాకూరు చూపినారు. ఉద్యమము గొప్పది కావచ్చును. దాని ఖర్చు ఎవరి మూటనుండి పోవుచున్నది యనునదే ఆయన ప్రశ్న.

మన డెల్టాలో ఈ ప్రశ్న మరియొక రూపు దాల్చినది. కాలువలు వచ్చిన పిమ్మట వరి వచ్చినది. వరితో వర్తకము, వర్తకముతో ఇంగ్లీషు చదువు వచ్చినవి. భూమియో, చదువో, రెండునో గల కుటుంబములనుండియే ఆంధ్రోద్యమమునకును కాంగ్రెసునకును కార్యకర్తలు ఎక్కువగ లభించినారు. మొదటి ఆంధ్ర మహాసభ 1913 మే నెలలో బాపట్లలో బయ్యా నరసింహేశ్వర శర్మగారి అధ్యక్షతన జరిగినది. తెలుగువారందరు ఒక్కటి యను భావమునకు అది బలమైన పునాది. నాలుగేండ్లకు, 1917 నవంబరులో, బెజవాడలో మరియొక సభ జరిగినది. పంచమ మహాసభయను పేరుతో తలపెట్టిన ఆ సభకు హైదరాబాదునుండి వచ్చిన భాగ్యరెడ్డి వర్మగారు అధ్యక్షులు. పంచములను పేరు తమకు వలదని, ఈ గడ్డమీద ఆదినుండి ఉన్నవారము గనుక తాము ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించినది. మనమందరము ఆంధ్రులమని బాపట్ల సభ చెప్పినది. ఆ అందరిలో మేమును ఉన్నామా యని బెజవాడ సభ అడిగినట్లయినది. ‘ఆది’ అను రెండక్షరములలో ఎంత చరిత్ర ఇమిడియున్నదో గమనింపుడు.

1921వ సంవత్సరము వచ్చినది. చీరాల, పేరాల ప్రజలు పురపాలక సంఘపు పన్నులు భరింపలేక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరు విడిచి పాకలలో నివసించినారు. ఆ వెంటనే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున భూమిశిస్తు నిరాకరణ సాగినది. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చినారు. ఇవి తెలుగువారు గర్వింపదగిన ఘట్టములే. అయితే ఒక్కమాట. శిస్తు నిరాకరించుటకు శిస్తు కట్టు భూమి ఉండవలెను. భూమిలేని పాలేరునకు నిరాకరించుటకు శిస్తు ఎక్కడిది? అతడు నిరాకరింపగలది పని యొక్కటే. రైతు శిస్తు నిరాకరించినచో అది దేశసేవ యైనది. పాలేరు పని నిరాకరించినచో అది పొగరుబోతుతన మనిపించుకొన్నది. ఆ కాలముననే గరిమెళ్ళ సత్యనారాయణగారు తెల్లదొరతనము వలదని పాడగా, రాజమహేంద్రవరమున కుసుమ ధర్మన్నగారు నల్లదొరతనము వలదని మరియొక పాట కట్టినారు. రెండు పాటలును ఒకే ఉద్యమపు గాలిలో పుట్టినవి. మొదటిదానిని దేశమంతయు పాడినది. రెండవదానిని వినుటకు చాల కాలము పట్టినది.

భూస్వామిపై పాలేరు చేయు నిరాకరణమును కథావస్తువుగ చేసికొన్న గొప్ప గ్రంథము ‘మాలపల్లి’. ఉన్నవ లక్ష్మీనారాయణగారు సత్తెనపల్లి తాలూకా వేములూరుపాటివారు. గుంటూరున శారదానికేతనమును స్థాపించినవారు. సహాయ నిరాకరణోద్యమమున శిక్షపడి రాయవెల్లూరు జైలులో ఉండగా ఈ నవల వ్రాసినారు. రామదాసు అను హరిజన భక్తుని కుటుంబము దీనికి కేంద్రము. చిన్నకొడుకు సంగదాసు చౌదరయ్య యింట పాలేరు. చౌదరయ్య కుమారుడు రామానాయుడు అతనికి ప్రాణమిత్రుడు. కూలి తగాదా ముదిరినది. కూలివారి పక్షమున నిలిచిన సంగదాసు చౌదరయ్య కొట్టిన దెబ్బకు మరణించును. రామదాసు భూమి పోవును. పెద్దకొడుకు వెంకటదాసు ధనికులను దోచి బీదలకు పంచు దళమునకు నాయకుడై జైలుపాలగును.

ఈ నవల జాతీయవాది వ్రాసినది. అయినను తెల్లదొరను మాత్రమే శత్రువుగ చూపి తృప్తిపడలేదు. ఊరిలోని కళ్ళము, కూలి గింజలు, ప్రామిసరీ నోటు, కోర్టు, జైలు వరుసగ మన కన్నులయెదుట నిలుపును. విదేశీ ప్రభుత్వము పోవుట ఒక పని, కళ్ళము దగ్గర న్యాయము జరుగుట మరియొక పని యని ఉన్నవవారు గ్రహించినారు. ఒకటి ముందు, ఒకటి తరువాత అని ఆయన అనలేదు. ప్రభుత్వము ఈ నవలలో బోల్షివికు వాసన పసికట్టి నిషేధించినది. నిషేధము ఒకసారి తొలగి, మరల వచ్చి, 1937లో రాజాజీ మంత్రివర్గము అధికారమునకు వచ్చిన పిమ్మట పూర్తిగ తొలగినది.

‘మాలపల్లి’లో మరియొక ఘట్టము బాపట్ల ప్రాంతమువారికి సుపరిచితమైనది. రామదాసు కుటుంబము నేరస్థుల సెటిల్‌మెంటునకు చేరును. ఇది కల్పన కాదు. కొన్ని కులములు పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసిన చట్టము 1871లో వచ్చినది. 1911లో దానిని మదరాసు రాజధానికి విస్తరింపజేసినారు. ఆ వెంటనే బాపట్ల, చీరాలల నడుమ ముక్తిఫౌజువారి నిర్వహణలో ఎరుకలవారికి ఒక సెటిల్‌మెంటు ఏర్పడినది. మదరాసు గవర్నరు కార్యాలోచన సభ సభ్యుడైన హెరాల్డు స్టువర్టు పేర అది స్టువర్టుపురమైనది. పేర్లు రిజిస్టరులో వ్రాయుట, హాజరు పిలుచుట, సెలవు లేనిదే పొలిమేర దాటనీయకుండుట, ఇదియే అక్కడి జీవితము.

ఎరుకలవారు నేరస్థులెట్లయినారు? వారిలో పలువురు పూర్వము గాడిదలమీద, ఎడ్లమీద ఉప్పును ధాన్యమును వేసికొని ఊరూర తిరిగి మారుబేరము చేసికొన్నవారు. ఉప్పుమీద ప్రభుత్వపు అధికారము బిగిసినది. రైళ్ళు వచ్చినవి. వర్తకము పోయినది. తిరుగుట మిగిలినది. తిరుగువాడు దొంగయని చట్టము చెప్పినది. 1930లో దేశమంతయు ఉప్పుకొరకు సత్యాగ్రహము చేసినది. ఆ ఘట్టముమీద కావ్యములు, నాటకములు, కథలు కోకొల్లలు. ఉప్పు మూటలు పోయి రిజిస్టరులో పేరెక్కిన ఎరుకలవాని కథ మాత్రము మన గ్రంథాలయములో వెదకవలసి వచ్చును. రేపల్లె, నిజాంపట్నము కాలువ గట్లమీద చేపలు, పీతలు పట్టి బ్రతుకు యానాదులకథయు అంతియే. జాతీయోద్యమ కార్యకర్తయే యైన వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల పక్షమున నిలిచి, ఆ చట్టము తొలగుటకు పనిచేసినారు. 1952లో చట్టము రద్దయినది. ముద్ర రద్దు కాలేదు. స్టువర్టుపురము పేరును దొంగతనమునకు మారుపేరుగ వాడిన చలనచిత్రములు ఆ తరువాతనే వచ్చినవి.

ఇక మతమును గూర్చి చెప్పవలెను. లూథరన్ మిషనరీ హెయ్యరు 1842లో గుంటూరు చేరినాడు. పిమ్మట లూథరనులు, బాప్టిస్టులు డెల్టా పల్లెలలో బడులు పెట్టినారు. ఊరిబడి గుమ్మము ఎక్కనీయని పిల్లవాడు మిషను బడిలో పలకపట్టినాడు. జాతీయోద్యమ సాహిత్యము ఈ మార్పును అనుమానముతో చూచినది. ‘మాలపల్లి’యే ఇందుకు సాక్ష్యము. అందు క్రైస్తవము సెటిల్‌మెంటు అధికారుల వత్తిడితో కలిసి వచ్చును. హరిజనుని ఆత్మగౌరవమునకు వైష్ణవభక్తియే ఆధారమగును. ఉన్నవవారి దృష్టిలో మతాంతరము ఒక నష్టము. మిషను బడిలో పలకపట్టిన పిల్లవాని తల్లి దృష్టిలో అది ఏమై యుండును? ఆ తల్లి మాట నవలలో వినబడదు. మిత్రుడు వ్రాసినను, పరులను గూర్చి వ్రాయుటలో ఈ కొరత తప్పదు.

ఆ కొరతను తీర్చినవాడు వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱము జాషువ. తల్లి మాదిగ, తండ్రి యాదవుడు, మతము క్రైస్తవము. గుంటూరున లూథరన్ పాఠశాలలో ఉపాధ్యాయుడుగ పనిచేసినాడు. హిందూ పురాణవస్తువులు ముట్టినందుకు స్వమతస్థులు కొందరు, పద్యము చెప్పబూనినందుకు అగ్రవర్ణులు కొందరు ఆయనను దూరముగ ఉంచినారు. 1941లో ఆయన ‘గబ్బిలము’ వ్రాసినాడు. మేఘసందేశపు పద్ధతి. కాని దూత మేఘము కాదు, అందరు అశుభమని తోలివేయు గబ్బిలము. సందేశము పంపువాడు యక్షుడు కాదు, చెప్పులు కుట్టువాడు. తాను అడుగుపెట్టరాని గుడిలో గబ్బిలము తలక్రిందుగ వ్రేలాడవచ్చును గనుక, కాశీలోని శివునకు దానిచేత తన కష్టము చెప్పి పంపును.

ఈ కావ్యమున ఒక విశేషమున్నది. గబ్బిలము ప్రయాణించు మార్గమున ఆంధ్రుల, భారతీయుల చరిత్రఖ్యాతి గల స్థలములను కవి ఎంతో ప్రేమతో వర్ణించినాడు. ఏ జాతీయకవికిని తీసిపోని దేశాభిమానము అందున్నది. ఇంత దేశమును ప్రేమించువానికి ఈ దేశములో నిలుచుటకు చోటేది? ఆ ప్రశ్నను కవి వేరుగ అడుగడు. వర్ణనయే అడుగును. అంతకు ముందే, 1932లో, ‘ఫిరదౌసి’ అను కావ్యమున పారశీక కవి కథ చెప్పినాడు. పద్యమునకొక బంగారునాణెము ఇత్తునన్న సుల్తాను మాట తప్పినాడు. పశ్చాత్తాపపడి బంగారము పంపునప్పటికి కవి మరణించినాడు. ఆలస్యముగ వచ్చిన న్యాయము అన్యాయముకంటె ఎంత దూరములో ఉన్నదో జాషువకు తెలిసినంతగ మరియొకరికి తెలియదు.

తెనాలికి వత్తము. 1942 ఆగస్టు 12వ తేదీన అక్కడ పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించినారు. ఆ చోటు నేటికిని రణరంగచౌకు అను పేర స్మారకముగ నున్నది. ఆ ఊరివారే కొడవటిగంటి కుటుంబరావుగారు. ఆయన ‘చదువు’ నవలలో జాతీయోద్యమము మధ్యతరగతి యింటి వసారాలోనికి ఎట్లు వచ్చినదో, అక్కడ ఉత్సాహము ఎట్లు పెరిగి తరిగినదో నిర్మొగమాటముగ చిత్రించినారు. వీథిలోని నినాదమునకును ఇంటిలోని బ్రతుకునకును గల ఎడము అందు కనబడును. గుంటూరు చేరువలోని పొన్నెకల్లున 1920లో జన్మించిన షేక్ నాజరుగారు ఆ నినాదమును వీథినుండి కళ్ళములోనికి తెచ్చినారు. దూది ఏకు కులమున, ముసల్మాను కుటుంబమున పుట్టి, అల్లూరి సీతారామరాజు కథను, పల్నాటి కథను బుర్రకథలుగ పల్లెపల్లెన వినిపించినారు. తెలుగు వీరగాథను తెలుగు బీదలకు ఆయనకంటె మిన్నగ చెప్పినవారు అరుదు. 1986లో పద్మశ్రీ వచ్చినది. అయినను ఆత్మకథకు ఆయన పెట్టిన పేరు ‘పింజారి’. తిట్టుగ వాడబడిన కులనామమును బిరుదుగ ధరించుట అది.

స్వరాజ్యము వచ్చినది. రాజ్యాంగము వచ్చి అంటరానితనమును నిషేధించినది. అది చిన్న విషయము కాదు. కాని అదే 1950లో వెలువడిన షెడ్యూల్డు కులముల ఉత్తరువు, హిందూమతము విడిచినవానికి ఆ హోదా లేదన్నది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు వచ్చినది. క్రైస్తవులకు, ముసల్మానులకు రాలేదు. గుంటూరు సీమ పల్లెలలో దీని ఫలితము అందరికి తెలిసినదే. ప్రార్థనలో ఒక పేరు, రికార్డులో ఒక పేరు. పేటను చూచి ఊరు దూరముగ ఉంచును. ప్రార్థనను చూచి చట్టము దూరముగ ఉంచును. ఇట్టి బ్రతుకు తెలిసినవారు స్వయముగ కలముపట్టిన తరువాత తెలుగు కథ మారినది. గుంటూరు, తెనాలి రైలుమార్గములోని వేజెండ్లలో జన్మించిన కొలకలూరి ఇనాక్‌గారి ‘ఊరబావి’ కథలో మంచినీటి హక్కు ఎవరో దయతలచి ఇచ్చునది కాదు, సాధించుకొనునది.

1985 జూలైలో కారంచేడులోను, 1991 ఆగస్టు 6వ తేదీన తెనాలికి చేరువనున్న చుండూరులోను దళితుల హత్యలు జరిగినవి. చుండూరున మరణించినవారు ఎనమండుగురు. విచారణకై ఆ ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడినది. 2007లో శిక్షలు పడినవి. 2014లో ఉన్నత న్యాయస్థానము వానిని కొట్టివేసినది. ఆ మరణములనుండి పుట్టిన వేదనయు ఆగ్రహమును తెలుగు కవిత్వపు కంఠమును మార్చినవి. 1995లో వచ్చిన ‘చిక్కనవుతున్న పాట’ సంకలనములోని కవులు ఎవరి తరపునను మాటలాడుట లేదు, ఎవరి అనుమతియు కోరుట లేదు. 1991లోనే ఖాదర్ మొహియుద్దీన్‌గారి ‘పుట్టుమచ్చ’ వెలువడినది. పుట్టుకయే అనుమానమునకు కారణమగునట్లు చరిత్రను బోధించినచో, ఆ తరగతిలో కూర్చున్న ముసల్మాను బాలుని గతియేమి యని ఆ కావ్యము ప్రశ్నించినది. దేశభక్తిని అందరు అనుభవింతురు. కొందరు మాత్రము దానిని రుజువు చేసికొనవలసి వచ్చుచున్నది.

ఇట్టి రచనలు జాతి ఐక్యతను చెడగొట్టునని చెప్పువారు కలరు. ఆ మాటను త్రోసివేయక ఆలోచింతము. ఐక్యత లేనిదే స్వరాజ్యము వచ్చెడిది కాదు. జాతీయోద్యమము లేనిదే ఉన్నవవారు జైలునకు పోయెడివారు కారు, ‘మాలపల్లి’ పుట్టెడిది కాదు. ఆ ఉద్యమమునుండియే సెటిల్‌మెంటు చట్టమును ఎదిరించినవారును పుట్టినారు. జాషువ కుమార్తె హేమలతగారు గాంధేయవాది గోరాగారి కుమారుడు లవణంగారిని వివాహమాడి, దంపతులిద్దరు స్టువర్టుపురములో ఏండ్లతరబడి సంస్కరణకై పాటుపడినారు. కావున ఉద్యమమును నిందించుట ఈ రచయితల అభిమతము కాదు. ఉద్యమము చేసిన వాగ్దానమును వారు నమ్మినారు. నమ్మినవాడే బాకీ అడుగును. అడుగుట ఐక్యతకు భంగము కాదు, ఐక్యతయందు గల విశ్వాసమునకు గుర్తు.

2022 ఏప్రిలులో బాపట్ల కేంద్రముగ క్రొత్త జిల్లా ఏర్పడినది. రేపల్లె అందులోనిదే. దాని పటమును చూడుడు. 1913నాటి ఆంధ్ర మహాసభ జరిగిన ఊరు అందున్నది. స్టువర్టుపురము అందున్నది. కారంచేడు, చుండూరు అందున్నవి. ఒక్క జిల్లాలో ఇన్నియు ఉండగా, అక్కడి పాఠశాలలలో మహాసభ కథను మాత్రమే చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ‘మాలపల్లి’ని, ‘గబ్బిలము’ను, ‘పింజారి’ని, ‘పుట్టుమచ్చ’ను ఒకదాని ప్రక్క ఒకటి పెట్టి చదివిన విద్యార్థి దేశమును తక్కువగ ప్రేమింపడు. తన ప్రేమ ఎవరివరకు చేరినదో, ఎవరి గుమ్మము ముందు ఆగిపోయినదో తెలిసికొనును. “తరువాత” అనుమాటను పలుకుటకు ముందు ఒకసారి సంకోచించును. సాహిత్యము అంతకంటె ఎక్కువ చేయలేదు. అంతకంటె తక్కువ చేసినచో అది సాహిత్యమును కాదు.